తడి గోనెసంచులు

పులివెందులలో కొత్త స్లాబులు ఆరిపోకుండా తడిపేది తబిత. మునుపు స్లాబు మీద చిన్న మళ్లు కట్టి నీళ్లు నిలబెట్టేది. బోర్లు ఎండిపోతాండాయని ఇంజనీరు గోపీకృష్ణ ఈసారి గోనెసంచులు పరిచి తడపమన్నాడు. సంచి ఎప్పుడు ఆరిపోతాదోనని అప్పట్నుంచి ఆమెకు దడ. గంటకోసారి ప్రతి సంచి మీదా అరచెయ్యి ఆనించి, ఆ చెయ్యి చెంపకు పెట్టుకుని తడి చూస్తాది. ఆరోరోజు మధ్యాన్నం, పొద్దున్నుంచి చూడ మరిచిన మూల సంచి ఎత్తితే స్లాబు తెల్లగా ఎండి, వెంట్రుకంత పగులు కనబడింది. చెబితే పని పోతాది. సంచి కప్పేసి, దాని మీదే కూచుంది. కింద స్లాబును మోస్తాన్న సెంట్రింగ్ కర్రల నడుమ అన్నం తింటాన్న తోటి కూలీ రాములమ్మ, "దిగిరావేంది తబితా, గుడ్లు పొదుగుతాండావా?" అని నవ్వింది. ఆ నవ్వు సరిగ్గా తన కిందనుంచే, ఆ పగులు కిందనుంచే వచ్చింది. తబిత లేచి, మెట్ల కాడున్న ఇంజనీరును పిలిచింది. "సారూ, ఈడ స్లాబు పగిలింది. తడపడం మరిచింది నేనే. ముందు రాములమ్మను బయటికి రమ్మనండి."