దర్వాజా లేని ఖిల్లా

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక జూన్ ఒకటో తేదీన, పాతబస్తీలోని చిన్న తపాలా కార్యాలయంలో సబ్ పోస్ట్‌మాస్టర్‌గా చేరాను. హోదా పెద్దదే కానీ, ఒక్క గుమాస్తా ఉన్న ఆఫీసులో స్టాంపులు అమ్మేదీ, ఉత్తరాలకు ముద్ర కొట్టేదీ కూడా నేనే.

స్టాంపులు సేకరించే మిత్రులిద్దరు మా కౌంటరుకు వచ్చేవారు. గౌస్ భాయ్‌ది చార్మినార్ దగ్గర గాజుల దుకాణం. నర్సింగరావు గారు యాకుత్‌పురాలో ఉండే రిటైరైన రైల్వే గార్డు. ఒకసారి కోట బొమ్మల స్టాంపులు వచ్చాయి. నాలుగు బిళ్లలు కలిపి పెడితేనే ఒక కోట పూర్తవుతుంది. మా దగ్గర మిగిలిన చివరి నాలుగింటినీ ఇద్దరూ కలిసి కొన్నారు. ఎవరి ఆల్బమ్‌లో ఉండాలన్న దగ్గర మాటామాటా పెరిగింది. ఆ లాగులాటలో బిళ్లలు చిల్లుల గీత వెంట చిరిగాయి. బురుజులున్న మూడు గౌస్ భాయ్‌కీ, దర్వాజా ఉన్న ఒకటి నర్సింగరావు గారికీ దక్కాయి. నలభై ఏళ్ల దోస్తీ కిటికీ ముందే తెగింది.

ఆ తర్వాత విడివిడిగా వచ్చేవారు. "దర్వాజా లేని ఖిల్లా ఏం ఖిల్లా మేడం?" అని గౌస్ భాయ్ వాపోయేవాడు.

"గా మాట నాతోని అంటే ఇయ్యకపోదునా?" అనేవారు నర్సింగరావు గారు.

ఒక మధ్యాహ్నం పోస్టు డబ్బాలోని ఉత్తరాలు ముందేసుకుంటే, ఒక కవరు మీద ఆ దర్వాజా కనబడింది. చిరునామా గౌస్ భాయ్‌ది. మళ్లీ వాడకుండా ప్రతి స్టాంపు మీదా ముద్ర పడాలన్నది నిబంధన. ముద్ర పడని బిళ్లకే విలువ అన్నది సేకరించేవాళ్ల లెక్క. వదిలేస్తే ఎవరికీ తెలియదు. ముద్ర చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

"పరీక్ష రాస్తున్నరా మేడం?" అన్నాడు గుమాస్తా.

చివరికి సిరా తక్కువగా అద్ది, మూలకు నెలవంకంత పడేలా కొట్టాను.

మూడో రోజు గౌస్ భాయ్ ఆ కవరు పట్టుకుని వచ్చాడు. ఏం రాశారని అడిగాను.

"'గేటు పంపిన. ఇగ లోపలికి రానిస్తవా, లేదా?' అని రాసిండు," అంటూ నవ్వాపుకున్నాడు. అంతలోనే ముఖం చిన్నబోయింది. "దీని మీద ముద్ర వడ్డది. నా మూడు ముద్ర లేకుండ కోరాగ ఉన్నయ్. జోడు ఎట్ల కుదురుతది?"

ఒక కవరు అడిగి తీసుకుని, జేబులోంచి ఆ మూడూ తీసి నా ఎదుటే అతికించి, నర్సింగరావు గారి చిరునామా రాశాడు. "దర్వాజాకు కొట్టినట్టే మూలకు కొట్టుండ్రి."

రెండు సరిగ్గా పడ్డాయి. మూడోసారి చేయి జారి ముద్ర బురుజు నడుమ దిగింది. నా ప్రాణం ఉసూరుమంది. అతను వంగి పరీక్షగా చూశాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి. పాత ఖిల్లా గదా, గా మాత్రం దెబ్బ తగిలే ఉంటది."

అలా దర్వాజా గౌస్ భాయ్ దగ్గరికి, బురుజులు నర్సింగరావు గారి దగ్గరికి చేరాయి. కోట మొత్తం చూడాలంటే ఇప్పుడు ఇద్దరూ ఒకచోట కూర్చోవాల్సిందే. ప్రతి శుక్రవారం కూర్చుంటున్నారని మా పోస్ట్‌మన్ చెప్పాడు.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే: సిరా తక్కువైతే ముద్ర శుభ్రంగా పడుతుంది. నిబంధనను దాటాల్సిన పని చాలాసార్లు ఉండదు, చేయి తేలిగ్గా ఉంచి పాటిస్తే సరిపోతుంది.