నూరు గింజల వెంకట్రాములు అడగని ప్రశ్న

బాన్సువాడ చుట్టుపక్కల వెంకట్రాములు అంటే తెలియకపోవచ్చు గానీ, 'నూరు గింజలాయన' అంటే తెలుస్తుంది. వరి విత్తనం అమ్మే డీలర్ ఎంత పెద్దవాడైనా, సంచి మీద ఏం అచ్చేసినా ఆయన నమ్మడు. నూరు గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టలో చుట్టి, ఐదో రోజు విప్పి మొలకలు లెక్కిస్తాడు. ఎనభైకి ఒకటి తగ్గినా సంచి వాపస్. ఊళ్లో సగం మంది తమ విత్తనం కూడా తెచ్చి ఆయన ముందే పోస్తారు.

అలాంటి మనిషి, కూతురు ప్రియదర్శిని ఇంటర్ మెమో, టీసీ తెచ్చి, బైకు మీద వచ్చిన నర్సింగ్ కాలేజీ ఏజెంటు చేతిలో పెట్టేశాడు. ఒరిజినల్సే! "సీటు ఆగాలంటే ఇయ్యాల్నే ఇయ్యాలె పటేలా" అన్నాడు వాడు. ఇచ్చేశాడీయన. పాఠాలు చెప్పేదెవరని గానీ, పని నేర్పే దవాఖాన ఏదని గానీ అడగలేదు.

"వడ్లకు పెట్టే పరీక్ష కాలేజీకెందుకు పెట్టలే బాపూ?" అంది కూతురు.

"సదువు చెప్పే జాగ బిడ్డా. గాడ గట్ల అడుగుతరా?"

చదువు అనగానే చెప్పులు విప్పి చేతులు కట్టుకునే ఈ భక్తి మీదే ఎన్నో కాలేజీలు బతుకుతున్నాయి. ప్రియదర్శినికి ఆ భక్తి లేదు. ఎవరు పాఠం చెబుతారో కాలేజీ తన వెబ్‌సైట్లో పెట్టి తీరాలని ఆమెకు తెలుసు. వెతికి, అధ్యాపకుల జాబితా ప్రింటు తీయించింది. ఇరవై రెండు పేర్లు, ఫొటోలతో సహా.

ఆ ప్రింటు చేతిలో ఉండగానే, అవ్వకు బీపీ గోలీలు కొనడానికి తండ్రీకూతుళ్లు బస్టాండు దగ్గరి మందుల షాపుకు వెళ్లారు. కౌంటర్లో ఉన్నది పక్కనే ఉన్న వర్ని ఊరి అమ్మాయి రాజశ్రీ. గోలీల చీటీతో పాటు జాబితా కూడా కౌంటర్ మీద పడింది. రాజశ్రీ వంగి చూసింది. ఒక ఫొటో మీద వేలు పెట్టింది.

"ఇది నేనేనండి!"

తొమ్మిదో పేరు. రాజశ్రీ, ఫుల్‌టైం ట్యూటర్, రెండేళ్ల సర్వీసు.

"మరి గీడెందుకున్నవమ్మా?"

"అక్కడ ఒక్కరోజు కూడా పాఠం చెప్పలేదు బాబాయ్. నర్సింగ్ పాసై ఇంటర్వ్యూకని వెళ్లాను. సర్టిఫికెట్లు చూసి ఇస్తామన్నారు. రెండేళ్లయింది, ఇంకా ఇవ్వలేదు. వాటిని చూపించే నా పేరు ఇందులో ఎక్కించినట్టున్నారు. అవి లేకుండా ఏ ఆస్పత్రీ తీసుకోదు. అందుకే ఇక్కడున్నాను."

వెంకట్రాములు జాబితాలోని ఫొటోనూ, ఎదుటి మనిషినీ మార్చి మార్చి చూశాడు. మనిషి ఇక్కడ గోలీలు అమ్ముతోంది. అక్కడ ఆమె పేరు పాఠాలు చెబుతోంది. ఆమె కాగితాలను మింగిన బీరువాలోనే ఇప్పుడు తన బిడ్డ కాగితాలూ ఉన్నాయి.

"మీ ఓనరుకు చెప్పి రా బిడ్డా. నడువు."

కాలేజీ ఆఫీసులో క్లర్కు ముగ్గురినీ చూసి, రాజశ్రీని అడిగాడు: "ఎవరమ్మా మీరు? అడ్మిషనా?"

"రెండేండ్ల సంది మీకాడ పాఠాలు చెప్పే మేడమ్‌ను గుర్తువడుతలేవా?" అంటూ వెంకట్రాములు జాబితా బల్ల మీద పరిచాడు.

క్లర్కు మొహం పాలిపోయింది. లోపలికి పోయి, ఐదు నిమిషాల్లో ప్రియదర్శిని మెమో, టీసీ తెచ్చిచ్చాడు. "ఇగ పోండ్రి. మేడమ్‌వి పెద్దసార్ దగ్గరున్నయి. తర్వాత సూద్దాం."

వెంకట్రాములు కాగితాలు కూతురికిచ్చి, రాజశ్రీకి ఒక కుర్చీ జరిపి, తానూ కూర్చున్నాడు.

"సార్‌ను పిలువు. ఈమెవి ఇచ్చేదాకా లేవ. ఇంకా ఇరవై ఒక్క పేర్లున్నయి గీడ. ఏ తరగతిల ఉన్నరో ఒక్కొక్కరిని సూపెట్టు, లెక్కవెడుత."