మేస్టారిచ్చిన విటమిన్ బిళ్ళ

అనకాపల్లిలో మాకు పరుగు నేర్పిన మేస్టారికి ఒక అలవాటు ఉండేది. రౌండు పూర్తికాగానే నా మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని నాడి చూసేవారు. "ఇంకా ఉందమ్మా నీ ఒంట్లో" అనేవారు. రోలుగుంట నుంచి మొదటి బస్సుకి వచ్చే చెరుకు రైతు కూతురిని నేను. ఆ మాట కోసం మరో రౌండు పరిగెత్తేదాన్ని.

ఇంటర్ రెండో ఏడు ఆయన రోజూ ఒక బిళ్ళ ఇవ్వసాగారు. "విటమినమ్మా, ఏసుకో" అన్నారు. వేసుకున్నాను. కొన్నాళ్ళకి, ముందురోజు ఎంత పరిగెత్తినా తెల్లారేసరికి కాళ్ళు తేలిగ్గా ఉండేవి. జిల్లా పోటీల్లో ఎనిమిది వందల మీటర్లు గెలిచాను. ఆ తర్వాత నెలసరి ఆగిపోయింది, గొంతు బొంగురుపోయింది. అమ్మ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, నా దగ్గరున్న బిళ్ళలు చూశారు.

"ఇవి మగ హార్మోను బిళ్ళలు. వీటితో కండ పెరుగుతుంది, అలుపు త్వరగా తీరుతుంది. ఆడపిల్లకి ఎవరిచ్చారు?" అని అడిగారు.

అక్కణ్ణుంచి నేరుగా గ్రౌండుకి వెళ్ళాం. అందరి ముందూ అడిగాను. మేస్టారు నా వైపు చూడకుండా అమ్మతో, "నాకేటి తెలుసమ్మా? గెలవాలని తనే ఎక్కడో కొనుక్కునుంటాది" అన్నారు.

"మీ సేత్తోనే కదండీ ఇచ్చేరు!" అని అరిచాను. నా గొంతు విని వెనకెవరో నవ్వారు. మేస్టారు కూడా నవ్వారు.

బిళ్ళలు మానేశాక నెలసరి తిరిగి వచ్చింది, గొంతు రాలేదు. ఇప్పటికీ ఫోనులో కొత్తవాళ్ళు నన్ను "సార్" అంటారు. నేను సరిదిద్దను.