వియ్యంకుడికి ఎంచి ఇచ్చిన కత్తి

అంత పెద్దమనిషి నా కొట్లో నిలబడి అంత మాట చెబుతారని నేను కలలో కూడా అనుకోలేదు. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

రాజమండ్రిలో నాది కత్తుల కొట్టు. కూరగాయల చాకు దగ్గర్నుంచి మటన్ కొట్టు వాళ్లు వాడే కత్తి దాకా అన్నీ అమ్ముతాను. ఎవరు ఏ కత్తి అడిగినా ఎందుకో కనుక్కున్నాకే ఇస్తాను. ఆ ఒక్కరోజు కనుక్కోలేదు. వచ్చింది కాబోయే వియ్యంకుడు మరి. మా అమ్మాయిని వాళ్లబ్బాయికి ఇవ్వడానికి మాటలయ్యాయి, తాంబూలాలు పుచ్చుకోవడమే మిగిలింది. పెద్దాపురం దగ్గర హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, మాట మెత్తన. పిల్లాడి తండ్రిని పట్టుకుని ఎందుకండీ అని నిలదీస్తే ఏం బావుంటుంది? మా వైపు మర్యాదలు అలాంటివి. ఆ మర్యాదే నా కొంప ముంచింది.

"తోలు తియ్యడానికి, పొట్ట కొయ్యడానికి మంచి కత్తి కావాలి బావగారూ," అన్నారు.

మరిడమ్మ జాతరలో మేకపోతు మొక్కు ఉందేమో అనుకున్నాను. ఇక నా ఉత్సాహం చూడాలి! పెద్ద కత్తి తీస్తే వద్దన్నారు, మోసుకెళ్లడం కష్టమట. మడత చాకు చూపించబోయి నేనే ఆగిపోయాను. మడతలోకి రక్తం వెళ్లి ఎండిపోతే కడగలేం. చివరికి నాలుగంగుళాల కత్తి ఒకటి తీశాను. దాని మొన సూదిలా పొడుచుకొచ్చి ఉండదు గనక పేగు తెగదు. పేగు తెగిందంటే మాంసమంతా పాడే. పిడి రబ్బరుది, చెయ్యి తడిసినా జారదు. ఇవన్నీ పాఠంలా చెప్పాను. హెడ్మాస్టరు గారు బుద్ధిగా విన్నారు.

"వేలాడదీసి కోస్తే ఇంకా సుళువండి," అన్నాను.

"అక్కడ అంత తీరికెక్కడిదండి? నేలమీదే గబగబా కానిచ్చెయ్యాలి."

అప్పుడైనా నా బుర్ర వెలగొద్దూ! వెలగలేదు. సానపట్టి, కాగితం కోసి చూసి మరీ కత్తిని బల్ల మీద పెట్టాను. కత్తి చేతికి అందిస్తే గొడవలొస్తాయంటారు. వియ్యంకుడితో గొడవ రాకూడదని నా జాగ్రత్త నాది. ఆయన తీసుకుని మురిసిపోయారు. ఫోను తెరిచి నా ముందు పెట్టారు.

చుక్కల దుప్పి. పక్కకి ఒరిగి పడి ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి. దాని కొమ్ము పట్టుకుని, పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ మా కాబోయే అల్లుడు.

"పోయిన వారం ఏజెన్సీ అడవుల వైపు వెళ్లాం. మావాడి గురి చూడాలి బావగారూ! కత్తి మంచిది లేక పేగులు తెగి సగం పారేశాం. మిగిలినదాంట్లోంచే మొన్న మీకు కేరియర్లో పంపించాను. పొట్టేలనుకున్నారా ఏంటి? చెల్లెమ్మగారు భలే ఉందన్నారుగా!"

నాకు దిమ్మ తిరిగిపోయింది. ఆ కూర నేను రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. దుప్పిని చంపితే జైల్లో వేస్తారని ఈయనే బళ్లో పిల్లలకి చెప్పి ఉంటారు! అరవాలనిపించింది, ఆ కత్తి లాక్కోవాలనిపించింది. తీరా నా నోట్లోంచి వచ్చిందేమిటంటే, "జాగ్రత్తండి, బాగా పదునుగా ఉంది." నామీద నాకే అసహ్యం వేసింది. ఆయన కత్తి సంచిలో వేసుకుని, నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

ఇంటికెళ్లి జరిగింది చెప్పాను. మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది. అమ్మాయి కూర్చున్న చోటినుంచి కదల్లేదు.

"ఆ ఫోటోలో ఆ అబ్బాయి నవ్వుతున్నాడా?" అని అడిగింది.

"నవ్వుతున్నాడమ్మా."

"అది చూశాక కూడా మీరు కత్తి పట్టుకెళ్లనిచ్చారా?"

"ఎలా వద్దంటానమ్మా? మగపెళ్లివారు కదా."

అది నా మొహంలోకి చూసింది. "కొట్టు మీది, కత్తి మీది. అక్కడ నిలబడే మీరు వద్దనలేకపోతే, రేపు ఆ ఇంటి వంటింట్లో నిలబడి నేను దేన్ని వద్దనగలను నాన్నగారూ?"

ఫోటో చూసినప్పటికంటే ఎక్కువగా అదిరిపోయాను. పాతికేళ్లు పెంచిన పిల్లని నేను ఎక్కడికి పంపబోయానో అప్పుడు తెలిసింది. సంబంధం వద్దని కబురు చెయ్యనా అని అడిగాను.

"అది నేనే ఫోను చేసి చెప్పుకుంటాను. మీరు వెళ్లి ఆ కత్తి తెచ్చుకోండి," అంది.

మర్నాడు పొద్దున్నే పెద్దాపురం బస్సెక్కాను. అమ్మాయి అప్పటికే ఫోను చేసి వద్దని చెప్పేసింది, అయినా ఆయన తలుపు తీసి, కాఫీ తాగుదురుగాని లోపలికి రండి అన్నారు. నేను గడప బయటే నిలబడి, కత్తి తెచ్చి ఇవ్వమన్నాను.