పొగగూట్లో పావురం

దగ్గరగా జరిగి కూర్చోండమ్మా, పొయ్యి మీద ఏమైనా పెట్టి ఉంటే దింపేసి మరీ రండి. ఆ రోజుల్లో, తొంభైలు మొదలైన కొత్తలో, గ్యాసు కోసం చెప్పులరిగేలా తిరుగుతూ మేము చిక్కడపల్లిలో ఒక ఇంటి వెనక వాటాలో కిరాయికి ఉండేవాళ్ళం. వంటింటికి కిటికీ లేదు. కప్పులో ఒక కంత, దానిమీద డాబాపైన నాలుగు పక్కలా చిల్లులున్న ఇటుకల గూడు. రంపపు పొట్టు పొయ్యి పొగంతా అందులోంచే పోవాలి. ఏటా వానలకు ముందు మా ఆయన డాబా ఎక్కి ఆ పొగగూడు దులిపేవాడు. ఆ ఏడు నాకు వేవిళ్ళు. కిరసనాయిలు సరే, మంచినీళ్ళ వాసన కూడా పడేది కాదు (నీళ్ళకు వాసనేమిటని ఆయన వాదించేవాడు, ఆ వాదనా పడేది కాదు). సరిగ్గా అప్పుడే ఒక పొద్దున పొగ పైకి పోవడం మానేసింది. ముద్ద నోట్లో పెట్టుకుంటే దగ్గు, దగ్గితే వాంతి.

ఆయన చీపురుతో డాబా ఎక్కి, "ఏమేవ్, గూట్లో పావురం గుడ్లు పెట్టిందే!" అని కేకేశాడు.

"పక్కన పెట్టి దులిపేయండి," అన్నాను. ఆ మాట విని ఇంటిగలావిడ, మేము పిన్నిగారనేవాళ్ళం, మెట్లెక్కి అడ్డం నిలబడింది.

"ఏందయ్యా, కడుపుతోని ఉన్న పిల్లను ఇంట్ల పెట్టుకొని గూడు కదుపుతవా? జర సోంచాయించు!"

"దానికోసమే కదా పిన్నిగారూ, పొగకి తినలేకపోతోంది."

"అయితే పొయ్యి పైకి తెచ్చుకో. నువ్వే వండు. పిల్ల మెట్లెక్కొద్దు."

ఇక రోజూ ఆఫీసుకు ముందు ఆయన లుంగీ ఎగ్గట్టి డాబామీద వంట. వానొస్తే గొడుగు పొయ్యికి, తడిసేది ఆయన. పక్క డాబా అక్క "ఉప్పేసినవా అన్నా?" అని అడిగేది. వేసేవాడు, రెండుసార్లు. అది తిని నేను సొమ్మసిల్లి పడుకుంటే కప్పులోంచి గుర్రుగుర్రుమని పావురం. ఆ ఇంట్లో సుఖపడిన తల్లి అదొక్కతే. ఒక జత పిల్లలు ఎగిరాయో లేదో, మళ్ళీ గుడ్లు! అవీ ఎగిరేసరికి నేను పురిటికి పుట్టింటికి వెళ్ళాను. 'గూడు అద్దంలా ఉంది, వచ్చెయ్' అని ఆయన కబురు పంపాడు.

చంటిదాన్నెత్తుకుని ఆశగా వచ్చి పొయ్యి వెలిగించాను. పొగ నా మొహానికే కొట్టింది. కప్పులోంచి మళ్ళీ గుర్రుగుర్రు! ఆయన చీపురు అందుకునేలోపే గుమ్మంలో పిన్నిగారు.

"బాలింత ఉన్న ఇంట్ల గూడు కదుపుతరా, బిడ్డా?"

ఆయన లుంగీ ఎగ్గట్టి, పొయ్యెత్తుకుని మెట్లెక్కాడు.

ఇప్పుడు అశోక్‌నగర్ ఫ్లాటులో మీట నొక్కితే పొగ పోతుంది. అయినా స్టవ్ వెలిగించే ముందు నా తల దానంతటదే పైకి లేస్తుంది. అప్పుడు ఆ పావురాన్ని ఎంత తిట్టానో! పిచ్చిదాన్ని, అది లేకపోతే ఆయన చేతి ఉప్పన్నం నాకెక్కడిది? మీ ఇంట పొయ్యి ఆరకూడదు, పొగ నిలవకూడదు, మీరు అలసిన నాడు ఓ ముద్ద వండిపెట్టే చెయ్యి మీకెప్పుడూ ఉండాలి, తల్లీ.