నాన్న మాట్లాడాడన్నవాడు

గోడ మీద నాన్న ఫోటో లేదు.

ఆదివారం మధ్యాహ్నం నల్లపాడు నుంచి బస్సెక్కి ఊరికి వెళ్ళి, గడపలో చెప్పులు విప్పుతూ మొదట చూసింది అదే. చర్చి వాళ్ళిచ్చిన వాక్యం క్యాలెండరు ఉంది, పక్కన మేకు ఉంది, ఫోటో లేదు. ఏమైందమ్మా అంటే అద్దం పగిలిందంది. అబద్ధం చెప్పడం మా అమ్మకు చేతకాదు. చెప్పేటప్పుడు చేతికేదో పని వెతుక్కుంటుంది. ఆ రోజు కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. లోపలికెళ్ళి చూస్తే ఫోటో ట్రంకుపెట్టె మీద, దుప్పట్ల కింద బోర్లా పెట్టి ఉంది. అద్దం మీద చిన్న గీత కూడా లేదు.

చల్లబడ్డాక రాద్దామని చాలా రోజులు ఆగాను. చల్లబడటం లేదు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది, కాబట్టి ఇలాగే రాస్తున్నాను.

నాన్న కౌలు రైతు. కొంత పత్తి, కొంత మిర్చి వేసేవాడు. పక్షవాతం వచ్చి రెండు నెలలు మంచంలో ఉండి పోయాడు. ఆయన కౌలుకు కాగితం లేదు, పురుగుమందుల కొట్లో అరువుకు కాగితం లేదు. మా వైపు చాలామటుకు అంతా నోటిమాట మీదే నడుస్తుంది. ఆయన పోయాక చర్చి వాళ్ళు ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక రోజున ప్రార్థన అయ్యాక, భోజనాలకు లేవకముందు, సంఘపెద్ద నిలబడి "ఈయన ఎవరికన్నా బాకీ ఉంటే ఇక్కడే చెప్పండి" అని అడిగాడు. అది మా వాళ్ళలో ఉన్న పద్ధతి. కొందరు చెప్పారు. రుజువేదని అమ్మ ఒక్కరిని కూడా అడగలేదు. పత్తి తీతలకు వెళ్ళి, మిరప కోతలకు వెళ్ళి, కల్లాల్లో తుమ్ముకుంటూ తాలుకాయలు ఏరి ఆ బాకీలన్నీ తీర్చింది. ఆఖరిది తీర్చిన రోజు నాకు ఫోన్ చేసి, "ఇంక మీ నాన్న పేరు ఎవరి నోట్లోనూ పడదే" అంది. పెళ్ళి కుదిరిందని చెప్పినంత సంబరంగా చెప్పింది.

అలాంటి మనిషికి ఫోన్ చేశాడు వాడు.

నీ మొగుడు మా దగ్గర ఫోన్లో లోన్ తీసుకున్నాడు, కడతానని మాటిచ్చాడు అన్నాడట. అక్కడితో ఆగినా అమ్మ నా దగ్గరకు వచ్చేదే. కానీ, నీకు తెలియనివ్వొద్దని కూడా మాతో చెప్పాడు అన్నాడట. ఈ రెండో ముక్కతో పట్టేశాడు. నాన్న ఒకసారి పత్తికి పురుగు పట్టినప్పుడు అమ్మకు చెప్పకుండా అప్పు తెచ్చిన మాట నిజమే. అది బయటపడ్డాక ఇద్దరూ కొన్నాళ్ళు మాట్లాడుకోలేదు. ఇంకెప్పుడూ అలా చేయనని నాన్న బైబిల్ మీద చెయ్యేసి చెప్పాడు. ఆ పాత సంగతి వీడికి తెలిసే అవకాశం లేదు. భార్యకు చెప్పకుండా అప్పు చేసిన మొగుళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారని మాత్రం తెలుసు. పది ఇళ్ళకు అదే మాట చెబితే ఎక్కడో ఒకచోట తగులుతుంది. ఇక పేర్లు, నంబర్లంటారా, ఆధార్ జిరాక్సులు విత్తనాల కొట్లో, ఆసుపత్రిలో, సిమ్ములమ్మే గొడుగు కింద ఎక్కడ పడితే అక్కడ ఇచ్చుకుంటూ పోతున్నాం కదా.

ఇవేవీ నాకు అప్పటికింకా తెలియవు. ఆ ఆదివారం ఇంకా గిన్నెల దగ్గరుండగానే అమ్మ ఫోన్ మోగింది. నంబరు చూసి చేతులు తుడుచుకుని గబగబా పెరట్లోకి వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళాను. మా అమ్మ కనిగిరి వైపు మెట్టలో పుట్టిన మనిషి. మాట్లాడితే మూడిళ్ళకు వినపడుతుంది. కూలిలో తేడా చేస్తే మేస్త్రీనైనా కల్లం మధ్యలో నిలబెట్టి కడిగేస్తుంది. ఆ మనిషి దడి పక్కన నిలబడి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, "కొంచెం టైమివ్వండి సార్, మీకు దండం పెడతాను సార్" అంటోంది. ఎదురుగా ఎవరూ లేకపోయినా తల దించుకునే ఉంది.

ఫోన్లోంచి వాడి గొంతు నాకూ వినపడింది. "నీ మొగుడు తిని పోయాడు, కట్టేదెవరే? రేపు పోలీసులొస్తారు. ఆయన ఫోటో మీద దొంగ అని రాసి ఊరందరికీ పంపిస్తాం."

ఫోన్ లాక్కుని స్పీకర్ పెట్టాను. ఎవరండీ మీరు అన్నాను. ఆ వెధవను అండీ అన్నందుకు నా మీద నాకే చిరాకు. నా గొంతు వినగానే వాడి భాష మారిపోయింది. నాకు మేడమ్ వచ్చింది, మా అమ్మకు మాత్రం ఏమే. ఏ కంపెనీ అంటే రికవరీ డిపార్ట్‌మెంట్ అన్నాడు. కంపెనీ పేరు అడుగుతున్నానంటే మళ్ళీ రికవరీ డిపార్ట్‌మెంటే అన్నాడు. ఆఫీసెక్కడంటే కేసు ఫైలైపోయింది మేడమ్ అన్నాడు. కాగితం పోస్టులో పంపండి, నిజమైతే మేమే ఆఫీసుకొచ్చి కట్టి రసీదు తీసుకుంటాం అన్నాను. కుదరదన్నాడు. సాయంత్రంలోగా తానిచ్చిన నంబరుకు డబ్బు కొట్టాలట, ఫోన్ పెట్టేయకూడదట, ఎవరికీ చెప్పకూడదట.

అసలు అప్పిచ్చినవాడు ఎలా ఉంటాడో మాకు తెలియదా? ఇంటికొస్తాడు. గుమ్మం ముందు కూర్చుంటాడు. నలుగురూ వినాలనే గట్టిగా అడుగుతాడు. ఎప్పుడిచ్చాడో, ఎవరి ఎదుట ఇచ్చాడో అడగకుండానే చెబుతాడు. ఎవరికీ చెప్పొద్దని బతిమాలే అప్పులవాణ్ణి మా ఊళ్ళో ఎవరైనా చూశారా? ఈ తేడా అమ్మకు నాకంటే బాగా తెలుసు. కానీ పోలీసులు, ఫోటో, పరువు అని వాడు ఊపిరాడనివ్వకుండా అరుస్తుంటే ఆలోచించే వ్యవధి ఎక్కడిది? ఆ వ్యవధి ఇవ్వకపోవడమే వాడి వృత్తి.

"సరే, మా నాన్న లోన్ ఎప్పుడు తీసుకున్నారు?" అన్నాను.

ఒక్క క్షణం తడుముకున్నాడు. "చనిపోవడానికి నెల ముందు మేడమ్. స్వయంగా నేనే మాట్లాడాను ఆయనతో."

అమ్మ తలెత్తింది. నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"ఏమన్నావ్? ఆయన నీతో మాట్లాడాడా?"

"అరగంట మాట్లాడాడు. మా ఆవిడకు చెప్పొద్దన్నాడు. ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

"ఆ నెలంతా ఆయనకు నోరు పడిపోయి ఉంది," అంది అమ్మ. సార్ లేదు, దండం లేదు. మూడిళ్ళకు వినపడే గొంతు తిరిగొచ్చింది. "మంచినీళ్ళు కావాలంటే నా కొంగు పట్టుకుని లాగేవాడు. ఒక్కసారన్నా పిలుస్తాడేమోనని ఆ మంచం పక్కనే కూర్చున్నాను, తిండి కూడా అక్కడే తిన్నాను. పిలవకుండానే పోయాడు. నాతో ఒక్క మాట చెప్పకుండా పోయిన మనిషి నీతో అరగంట మాట్లాడాడంట్రా?"

వాడు మళ్ళీ కేసు, పోలీసులు అని ఎత్తుకోబోయాడు.

"అప్పిచ్చినోడివైతే ఇంటికి రా. కుర్చీ వేస్తాను. ఊరందరి ముందూ అడుగు," అని పెట్టేసింది. పెట్టేశాక అక్కడే మట్టిలో కూలబడింది.

అప్పుడు చెప్పింది మొత్తం. కోతకూలి డబ్బు రెండుసార్లు పంపిందట. సెల్లు రిపేర్ల కొట్టులో నోట్లు ఇస్తే ఆ కొట్టతను తన కమీషన్ పట్టుకుని వాడి నంబరుకు కొట్టాడు. ఎవరికి, ఎందుకు అని ఒక్క మాట అడగలేదు. అతని మీద కూడా నాకు కోపమే.

బ్యాంకుకు, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరుకు ఆ సాయంత్రమే చెప్పాను. ఇన్ని రోజుల తర్వాత డబ్బు ఆపడం కష్టమన్నారు. మర్నాడు స్టేషనుకు బయల్దేరితే అమ్మ దారిలో కల్లం దగ్గర ఆగింది. కాయలు ఏరుతున్న ఆడవాళ్ళందరి ముందూ, తన డబ్బు పోయిన సంగతి దాచకుండా, వాడు ఏమన్నాడో ఒక్కో ముక్కా చెప్పింది. అలాంటి ఫోనొస్తే భయపడొద్దు, ఇంటికి రమ్మనండి, వెంటనే ఇంకొకళ్ళకు చెప్పండి అంది. ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఒకామె ఆ గుడ్డ విప్పకుండానే ఏడ్చింది. ఆమెకూ వచ్చాయట ఫోన్లు. ఆమె కూడా కట్టిందట.

స్టేషన్లో మొదట, మీ చేత్తో మీరే ఇచ్చి ఇప్పుడొచ్చారా అన్నారు. నాకు తిట్టు నోటిదాకా వచ్చింది, అమ్మ నా చెయ్యి నొక్కింది. చివరికి ఒక కానిస్టేబులమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని వివరాలు అడిగింది. ఫోన్ నంబరు, పంపిన రోజులు, డబ్బు ఎంత పోయిందీ అన్నీ అమ్మే చెప్పింది.

"ఇంకేమన్నా పోయిందా పెద్దమ్మా?" అని అడిగిందా అమ్మాయి. ఏటీఎం కార్డో, ఆధారో అని ఆమె ఉద్దేశం.

"వారం రోజులు మా ఆయన్ని తిట్టుకున్నానమ్మా," అంది అమ్మ. "ఫోటో కూడా బోర్లా పడేశాను. అది ఎక్కడ రాస్తావు?"