ఆరు గుడ్ల తీర్పు

మలేషియాలోని పోర్ట్ క్లాంగ్‌లో మా ఇంటి వెనుక గదిలో బాల్ పైథాన్లను పెంచుతాను. వాటి రంగుల్లో బహిర్గత గుణం తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా కనిపిస్తుంది. సహబహిర్గతమైతే ఒకరి నుంచి వస్తే ఒక రూపం, ఇద్దరి నుంచీ వస్తే మరో రూపం. నలుపు లేని అల్బినో మాత్రం అంతర్గత గుణం; ఇద్దరూ ఇస్తేనే బయటపడుతుంది. నా ఆడపాము దాన్ని లోపల మోస్తోందని నాకు తెలుసు. మగపాము సంగతి అమ్మినవాడి మాట మాత్రమే.

ఆరు గుడ్లు పొదిగే పెట్టెలో ఉన్న రెండు నెలలూ నేను గంటకోసారి ఉష్ణోగ్రత చూశాను.

"గుడ్లెట్టింది పామా, నువ్వా? కూకో లా!" అనేది అమ్మ, ఇక్కడి వాళ్ల అలవాటులో మాట చివర 'లా' తగిలించి.

ఆరూ మామూలు రంగులోనే పుట్టాయి. అమ్మినవాడు అబద్ధమాడాడని తేల్చేసి, ఆ వారమే మగపామును హుటాన్ మెలింటాంగ్‌లోని మిత్రుడికి ఇచ్చేశాను. ఆడా మగా రెండూ మోస్తున్నా ఆరింటిలో ఒక్క అల్బినో కూడా రాకపోయే అవకాశం వందకు దాదాపు పద్దెనిమిది. ఆ లెక్కకు అర నిమిషం చాలు. నేను ఆగలేదు.

మరుసటి ఏడాది మిత్రుడు ఫోన్ చేశాడు. "అన్నా, నువ్విచ్చిన మగపాముకి, మా ఆడపాముకి తెల్లపిల్ల పుట్టినాది! కళ్లు ఎర్రగున్నాయి లా!"

నా దగ్గరున్న ఆరు పిల్లల్లో ఒక్కొక్కటీ ఆ గుణాన్ని మోసే అవకాశం మూడింట రెండు వంతులు. ఏది మోస్తోందో చూసి చెప్పలేమని తెలిసీ, రోజూ వాటి డబ్బాలు తెరిచి చూస్తున్నాను.